టూర్ కాగితం మీద సంతకం పెట్టే ముందు

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట, తెల్లాపూర్ చుట్టుపక్కల బడుల్లో పిల్లల్ని చదివిస్తున్న తల్లిదండ్రులకు ఇది హెచ్చరిక. బడి యాప్‌లోనో, వాట్సాప్ గ్రూపులోనో ‘యూరప్ ఎడ్యుకేషనల్ టూర్’ సర్క్యులర్ మీకు వచ్చి ఉంటే అడ్వాన్స్ కట్టడానికి తొందరపడకండి. అనుమతి పత్రం మీద సంతకం పెట్టకండి. ముందుగా ఒక్క ప్రశ్న అడగండి. అక్కడ మా బిడ్డకు ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు నోటిమాటగా కాదు, బడి లెటర్‌హెడ్ మీద, ప్రిన్సిపాల్ సంతకంతో రావాలి. అది వచ్చేదాకా మీ సంతకం ఆగాలి.

పిల్లలు ప్రయాణాలు చేయకూడదని మేము అనడం లేదు. దాదాపు 2 వేల ఏళ్ల నాటి కొలోసియం ముందు నిలబడిన పిల్ల చరిత్ర పాఠాన్ని జన్మలో మరవదు. ఫ్లోరెన్స్‌లో ఒక శిల్పాన్ని కళ్లారా చూసిన పిల్లవాడికి పుస్తకంలోని బొమ్మ వేరేగా కనిపిస్తుంది. అలాంటి అవకాశం దొరికిన పిల్లలు అదృష్టవంతులే. మా అభ్యంతరం యాత్ర మీద కాదు, పూచీ లేని యాత్ర మీద. హైదరాబాద్ అలాంటి యాత్రకు ఒకసారి భయంకరమైన మూల్యం చెల్లించింది.

బియాస్ నేర్పిన పాఠం

2014 జూన్ 8. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి అప్పటికి 6 రోజులు. మియాపూర్ దాటాక వచ్చే బాచుపల్లిలోని వీఎన్నార్ విజ్ఞాన జ్యోతి ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థుల బృందం హిమాచల్ ప్రదేశ్‌లో మనాలి దారిలో ఉంది. మండీ జిల్లా థలౌట్ దగ్గర బస్సులు ఆగాయి. సాయంత్రం వేళ. బియాస్ నదిలో నీళ్లు తక్కువగా ఉన్నాయి, రాళ్లు పైకి తేలి ఉన్నాయి. ఫొటోలు తీసుకుందామని పిల్లలు దిగారు. ఎగువన ఉన్న లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లు ఒక్కసారిగా ముంచుకొచ్చాయి. 24 మంది విద్యార్థులు, వారి వెంట ఉన్న టూర్ నిర్వాహకుడు ఒకరు కొట్టుకుపోయారు. ఒడ్డు నుంచి తీసిన వీడియోలో రాళ్ల మీద ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డ ఆ పిల్లల్ని రెండు తెలుగు రాష్ట్రాలూ చూశాయి. మృతదేహాల కోసం గాలింపు వారాల తరబడి సాగింది. బిడ్డ మొహం ఆఖరిసారి చూసుకోవడానికి తల్లిదండ్రులు నది ఒడ్డున రోజుల తరబడి కాచుకున్నారు.

ఆ కేసును హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2016లో తీర్పు చెప్పింది. ఆ భారాన్ని నీళ్లు వదిలిన విద్యుత్ బోర్డుకు, రాష్ట్ర ప్రభుత్వానికి మాత్రమే పరిమితం చేయలేదు. పిల్లల్ని తీసుకెళ్లిన కళాశాలకు కూడా వాటా వేసింది. నీళ్లు వదిలింది కళాశాల కాదు. అయినా తెలియని నదిలోకి పిల్లలు దిగుతుంటే ఆపాల్సిన బాధ్యత దానిదే.

అదే బియాస్ నది అంతకు 19 ఏళ్ల ముందే ఒక బడి పిల్లల్ని మింగింది. 1995 మే 28న పఠాన్‌కోట్ సమీపంలోని బధానీలో ఉన్న డల్హౌసీ పబ్లిక్ స్కూల్ పిల్లలు పిక్నిక్‌కు వెళ్లి, 14 మంది నీట మునిగి చనిపోయారు. ఒక్కో చిన్నారి కుటుంబానికి 5 లక్షల రూపాయల పరిహారాన్ని 2001లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. బిడ్డను బడికి అప్పగించాక తల్లిదండ్రులు చూపే శ్రద్ధనే బడి చూపాలని, అది పాఠశాల విధి అని ఆ తీర్పు సారాంశం.

ఈ రెండు తీర్పుల నుంచి తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. అనుమతి పత్రంలో అడుగున సన్నని అక్షరాలతో ‘మా ఇష్టప్రకారమే పంపుతున్నాం, ఏం జరిగినా పాఠశాలకు సంబంధం లేదు’ అని రాయించుకున్నంత మాత్రాన నిర్లక్ష్యం మాఫీ అయిపోదు. అలాంటి వాక్యం ఉన్న పత్రం చేతికొస్తే దాన్ని కొట్టేయమని అడిగే హక్కు మీకుంది. కొట్టేయడానికి ఒప్పుకోని బడి తన మనసులో మాట ముందే చెప్పినట్టు లెక్క.

యూరప్ అంటే భద్రతే అన్న భ్రమ

బియాస్ గురించి చెప్పగానే చాలామంది తల్లిదండ్రుల నుంచి వచ్చే మాట ఒకటే. ‘అది కొండల్లో నది. ఇది యూరప్. అక్కడ అన్నీ పద్ధతిగా ఉంటాయి.’ పద్ధతులు ఉంటాయన్నది నిజమే. కానీ పర్యాటకుల ప్రాణాలకు పద్ధతి ఒక్కటే పూచీ పడలేదు.

2019 మే 29 రాత్రి హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో డాన్యూబ్ నదిపై హబ్లెయాన్ అనే చిన్న పడవ వర్షంలో పర్యాటకులను తిప్పుతోంది. వెనకనుంచి వచ్చిన పెద్ద విహార నౌక దాన్ని ఢీకొట్టింది. పడవ సెకన్లలో మునిగిపోయింది. అందులో ఉన్న 35 మందిలో బతికి బయటపడింది ఏడుగురు. వెలుగుల్లో మెరిసే పార్లమెంటు భవనాన్ని నది మీద నుంచి చూడటం ఆ నగరానికి వెళ్లే ప్రతి టూర్ ప్యాకేజీలోనూ ఉండే సరదా. 2023 అక్టోబర్ 3న వెనిస్ చూసి బసకు తిరిగి వెళ్తున్న పర్యాటకుల బస్సు మెస్త్రే దగ్గర ఫ్లైఓవర్ మీద నుంచి పడిపోయి 20 మందికి పైగా చనిపోయారు. 2025 సెప్టెంబర్ 3న లిస్బన్‌లో 19వ శతాబ్దం నాటి గ్లోరియా ఫ్యునిక్యులర్ రైలు పట్టాలు తప్పి 16 మంది మరణించారు. అక్కడ పర్యాటకులు ఫొటోలకు ఎగబడేది దాని దగ్గరే.

ఇవి ఎప్పుడో ఒకసారి జరిగే ప్రమాదాలే. వీటిని చూసి యాత్ర మానుకోమని ఎవరూ అనరు. అయితే పడవ ఎక్కే ముందు లైఫ్ జాకెట్ ఉందా అని అడగాల్సింది ఎవరు? రాత్రి వర్షంలో పడవ వద్దని చెప్పే అధికారం ఎవరికి ఉంది? బస్సు డ్రైవర్ కళ్లు మూతలు పడుతున్నాయని గమనించేది ఎవరు? టూర్ మేనేజర్ చూసేది టైమ్‌టేబుల్‌ను. పిల్లల్ని చూసేది టీచరే కావాలి. ఆ టీచరుకు కార్యక్రమాన్ని అక్కడికక్కడే రద్దు చేసే అధికారం బడి రాసి ఇవ్వాలి.

లైఫ్ జాకెట్ మాట మన దేశంలోనూ తాజా గాయమే. 2024 జనవరి 18న వడోదరలోని హర్ణి చెరువులో బడి పిల్లల పడవ తిరగబడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పడవ మోయగలిగిన దానికంటే ఎక్కువ మందిని ఎక్కించారు. చాలామంది పిల్లలకు లైఫ్ జాకెట్లే లేవు. ఊళ్లో ఉన్న చెరువు దగ్గరే ఇలా జరిగితే భాష రాని ఊళ్లో, పరిచయం లేని మనుషుల మధ్య ఇంకెంత జాగ్రత్త కావాలి?

కార్యక్రమం కాగితాన్ని చదవండి

తొమ్మిది రోజుల్లో ఏడు నగరాలు అన్న సర్క్యులర్‌ను ముందు దూరాల లెక్కతో చదవండి. పారిస్ నుంచి స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌కు రోడ్డు దూరం సుమారు 600 కిలోమీటర్లు. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం బస్సు డ్రైవర్ రోజుకు 9 గంటలు మించి నడపకూడదు. వారానికి 2 రోజులు మాత్రం 10 గంటలదాకా వెసులుబాటు ఉంది. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తప్పనిసరి. మీకిచ్చిన కార్యక్రమం ఈ లెక్కలో ఇమడకపోతే ఎక్కడో నిబంధన తప్పుతారు, లేదా పిల్లలు బస్సులోనే రోజులు గడుపుతారు. రాత్రి బస్సు ప్రయాణం ఉందేమో ప్రత్యేకంగా చూడండి. 2022 అక్టోబర్ 5 రాత్రి కేరళలో ఊటీ బయల్దేరిన స్కూలు పిల్లల టూరిస్ట్ బస్సు వడక్కంచేరి దగ్గర ఆర్టీసీ బస్సును ఢీకొట్టి 9 మంది చనిపోయారు. మృతుల్లో ఐదుగురు విద్యార్థులు, వారి టీచరు ఒకరు.

తర్వాత వీసా. సర్క్యులర్‌లో ‘ఎడ్యుకేషనల్’ అని రాసి ఉంటుంది. మరి వీసా ఏ పేరుతో అడుగుతున్నారు? చదువు కోసం, విద్యా శిక్షణ కోసం వెళ్లే విద్యార్థులకు, వెంట వెళ్లే టీచర్లకు, చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా రుసుమే ఉండదని ఆ దేశాల వీసా నిబంధనలు చెబుతున్నాయి. మినహాయింపు వర్తిస్తుందో లేదో తేల్చేది కాన్సులేట్ అధికారులే. కానీ మామూలు టూరిస్ట్ వీసాకే దరఖాస్తు చేస్తున్నారంటే, ఈ యాత్ర ఎంతవరకు చదువో, ఎంతవరకు ప్యాకేజీ వ్యాపారమో నిలదీయవచ్చు. ఏ మ్యూజియంలో ఏం చూపిస్తారు, ముందుగా ఏం చదివిస్తారు, తిరిగొచ్చాక ఏం రాయిస్తారు అని అడగండి. జవాబులో షాపింగ్ మాల్, థీమ్ పార్క్ తప్ప మరేమీ లేకపోతే అది బడి యాత్ర కాదు.

ఇన్సూరెన్స్ కూడా పేరుకే ఉండే ప్రమాదం ఉంది. షెంజెన్ వీసాకు కనీసం 30 వేల యూరోల, అంటే దాదాపు 30 లక్షల రూపాయల వైద్య బీమా ఉండాలి. అది కనీసం మాత్రమే. ఆస్పత్రిలో పెద్ద చికిత్స పడితే ఆ సొమ్ము చాలకపోవచ్చు. ముందునుంచీ ఉన్న జబ్బులకు, సాహస క్రీడలకు చాలా పాలసీలు వర్తించవు. మీ అబ్బాయికి ఆస్తమా ఉన్నా, అమ్మాయికి టైప్ 1 మధుమేహం ఉన్నా పాలసీ కాగితం మొత్తం మీరే చదవండి. మందులు చెక్ఇన్ పెట్టెలో కాకుండా చేతిసంచిలో, డాక్టరు చీటీతో ఉండాలి. ఆ బిడ్డకు ఏ మందు, ఎప్పుడు ఇవ్వాలో కనీసం ఇద్దరు టీచర్లకు తెలిసి ఉండాలి. వేరుసెనగ, జీడిపప్పు, గుడ్డు, పాలు లాంటివి పడని పిల్లలుంటే ఆ సంగతి హోటళ్లకు ముందే రాతపూర్వకంగా వెళ్లాలి. ఇలాంటి 14 రకాల పదార్థాలు వంటకంలో ఉంటే ఆ విషయం తెలియజేయాలని యూరప్‌లో చట్టం ఉంది. అడిగేవాళ్లు ఉంటేనే ఆ చట్టం మన పిల్లలకు పనికొస్తుంది.

వేసవి సెలవుల్లో వెళ్తుంటే ఎండను తక్కువ అంచనా వేయకండి. 2019 జులై 25న పారిస్‌లో 42.6 డిగ్రీలు నమోదైంది. ఏథెన్స్‌లో ఎండలు ముదిరినప్పుడు మధ్యాహ్నం వేళ అక్రోపోలిస్‌నే మూసేస్తున్నారు. అక్కడి పాత భవనాల్లో, చిన్న హోటళ్లలో ఏసీలు లేని గదులు చాలా. మే నెల ఎండలు చూసిన హైదరాబాద్ పిల్లలకు అదో లెక్కా అనుకుంటే పొరపాటు. ఇక్కడ మే నెలలో మనం మధ్యాహ్నం పిల్లల్ని బయట తిప్పం. అక్కడ టూర్ కార్యక్రమం మొత్తం మధ్యాహ్నమే నడుస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ‘ఫ్రీ టైమ్’. రద్దీ కూడలిలో రెండు గంటలు వదిలేసి, ఫలానా ఫౌంటెన్ దగ్గరికి వచ్చేయండి అంటారు. ఎనిమిదో తరగతి పిల్లల చేతిలో పనిచేసే సిమ్ ఉండదు, హోటల్ చిరునామా ఉండదు. రోమ్‌లో టెర్మినీ స్టేషన్, మెట్రో రైళ్లు జేబుదొంగలకు పేరుమోసిన చోట్లు. పాస్‌పోర్ట్ పోతే అక్కడి మన రాయబార కార్యాలయం ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ స్వదేశానికి తిరిగి రావడానికి మాత్రమే చెల్లుతుంది. మిగతా బృందం వెనిస్‌కు వెళ్లిపోతే పాస్‌పోర్ట్ పోగొట్టుకున్న పిల్లతో రోమ్‌లో ఉండే టీచర్ ఎవరు? ఆ పేరు ముందే నిర్ణయమై ఉండాలి. టీచర్ వెంట లేకుండా పిల్లల్ని ఎక్కడా వదలకూడదు. ప్రతి బిడ్డ దగ్గర హోటల్ చిరునామా, టీచర్ల నంబర్లు రాసిన కార్డు, పాస్‌పోర్ట్ నకలు ఉండాలి. యూరోపియన్ యూనియన్‌లో ఎక్కడున్నా అత్యవసర సహాయానికి 112 అన్నది ప్రతి బిడ్డకూ నోటికి రావాలి.

ఆఫీసులో అడిగే ప్రశ్న బడినెందుకు అడగరు?

ఈ ఐటీ కారిడార్‌లో పనిచేసే తల్లిదండ్రులకు ముందుజాగ్రత్త అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌లో చిన్న మార్పు లైవ్‌లోకి వెళ్లాలన్నా చెక్‌లిస్టు ఉంటుంది. ఎవరు ఆమోదించారో రాసి ఉంటుంది. తేడా వస్తే వెనక్కి తెచ్చే ప్లాన్ ఉంటుంది. అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో ఆన్‌కాల్ పట్టిక ఉంటుంది. అంత పకడ్బందీగా పనిచేసేవాళ్లే కన్నబిడ్డను ఆరు వేల కిలోమీటర్లకు పైగా దూరం పంపే కాగితాన్ని రెండు మీటింగుల మధ్య ఫోన్‌లో తెరిచి, కిందిదాకా లాగి, ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కేస్తున్నారు. గ్రూపులో అందరూ ‘డన్’ అని పెడుతుంటే ప్రశ్న అడగడానికి మొహమాటం. మా వాడొక్కడే వెళ్లకపోతే బాధపడతాడన్న దిగులు. ఆ మొహమాటాన్నీ, ఆ దిగులునీ నమ్ముకునే ‘సీట్లు పరిమితం’, ‘శుక్రవారం ఆఖరు’ అన్న గడువులు పెడతారు.

డబ్బు ఎవరి ఖాతాకు వెళ్తోందో చూడండి. బ్రోచర్ మీద బడి లోగో, రసీదు మీద ట్రావెల్ ఏజెన్సీ పేరు ఉంటే, రేపు తేడా వచ్చినప్పుడు ఇద్దరూ ఒకరివైపు ఒకరు వేలు చూపించుకుంటారు. బడికీ ఏజెన్సీకీ మధ్య కుదిరిన ఒప్పందం నకలు అడగండి. వెళ్లే టీచర్లెవరో, పిల్లలు ఎందరో పేర్లతో జాబితా అడగండి. ప్రతి పది మంది పిల్లలకు కనీసం ఒక టీచరు ఉండాలి. ఆడపిల్లలున్న ప్రతి హోటల్ అంతస్తులోనూ మహిళా టీచర్ ఉండాలి. రోమ్‌లో రాత్రి 11 గంటలైతే వేసవిలో ఇక్కడ తెల్లవారుజామున రెండున్నర. ఆ వేళలో ఫోన్ ఎత్తే బాధ్యుడు బడిలో ఎవరో, ఆ నంబరేమిటో కాగితం మీద ఉండాలి.

నియమం రాయాల్సింది ప్రభుత్వమే

తల్లిదండ్రుల జాగ్రత్త ఒక్కటే చాలదు. 1993 మార్చిలో ఇంగ్లండ్‌లోని లైమ్ బేలో సముద్రంలో పడవ శిక్షణకు వెళ్లిన ప్లిమత్ పాఠశాల విద్యార్థులు నలుగురు చనిపోయారు. శిక్షణ కేంద్రంలో భద్రత సరిగ్గా లేదని అంతకుముందే అక్కడి శిక్షకులు ఉద్యోగం వదిలేస్తూ ఉత్తరం రాశారు. యాజమాన్యం దాన్ని పట్టించుకోలేదు. కోర్టు ఆ సంస్థను, దాని యజమానిని దోషులుగా తేల్చింది. యజమాని జైలుకు వెళ్లాడు. మూడేళ్లు తిరక్కుండానే, 1995లో బ్రిటన్ పార్లమెంటు పిల్లల సాహస కేంద్రాలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. నలుగురు పిల్లలు పోతే ఒక దేశం చట్టం రాసుకుంది. బియాస్‌లో మనం పోగొట్టుకున్నది 24 మందిని.

పాఠశాలల భద్రత విషయంలో యాజమాన్యాలను జవాబుదారీ చేసే మార్గదర్శకాలను కేంద్ర విద్యా శాఖ 2021లో విడుదల చేసింది. ఆ స్ఫూర్తితో తెలంగాణ విద్యా శాఖ విదేశీ యాత్రలకు కచ్చితమైన నియమావళి ప్రకటించాలి. యాత్రకు కనీసం రెండు నెలల ముందే బడి పూర్తి కార్యక్రమాన్ని, వెళ్లేవారి జాబితాను, బీమా పత్రాలను, ఏజెన్సీ ఒప్పందాన్ని జిల్లా విద్యాధికారికి సమర్పించాలి. అనుమతి వచ్చేదాకా తల్లిదండ్రుల దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. బాధ్యత నుంచి తప్పించుకునే వాక్యాలు అనుమతి పత్రాల్లో ఉండకూడదు. నీళ్లలోకి దిగే కార్యక్రమాలకు, రాత్రి బస్సు ప్రయాణాలకు అనుమతే ఇవ్వకూడదు. నియమం తప్పిన బడి గుర్తింపు మీద చర్య ఉండాలి.

బడి యాజమాన్యాలకు ఒక మాట. అడిగే తల్లిదండ్రులను గొడవపెట్టేవాళ్లుగా చూడకండి. మీ టీచర్లే ‘ఈ కార్యక్రమం పిల్లలకు ఎక్కువ’ అంటే వాళ్ల మాట వినండి. యాత్రకు పంపే టీచర్లకు ప్రథమ చికిత్సలో శిక్షణ ఇప్పించండి. పంపలేని ఇళ్ల పిల్లలకు చిన్నతనం కలగకుండా చూడండి. పూచీ పడలేని యాత్రను ఈ ఏడాదికి రద్దు చేయడం తలవంపు కాదు.

తల్లిదండ్రులారా, ఈ వారమే మీ బడికి ఒక మెయిల్ రాయండి. బాధ్యత ఎవరిది, టీచర్లెవరు, బీమా ఎంత, డబ్బు ఎవరికి, అర్ధరాత్రి ఫోన్ ఎవరికి అన్న ఐదు ప్రశ్నలు చాలు. ఒక్కరే అడిగితే మొహమాటమైతే తరగతి తల్లిదండ్రులంతా కలిసి అడగండి. జవాబు కాగితం మీద వస్తే పిల్లల్ని నిశ్చింతగా పంపండి. రాకపోతే పంపకండి.